కబురు వెళ్లే దారి, జవాబు వచ్చే దారి

(డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మారక ఉపన్యాస పాఠం)

నేను పరిశోధకుణ్ని కాను. జిల్లాల్లో ప్రజారోగ్యం పని చేసి రిటైరైనవాణ్ని. రామలింగస్వామి గారి పేరు మీద మాట్లాడమంటే మొదట జంకాను. అయితే ఆయన చేసిన పనుల్లో నాలాంటివాడి చేతికి అందేది ఒకటుంది. దాన్ని పట్టుకుని మొదలుపెడతాను.

ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేశారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకు తరలివచ్చి, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. పదేళ్లు ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, ఆ తర్వాత 1979 నుంచి 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలికి, అంటే ఐసీఎంఆర్‌కు అధిపతిగా ఉన్నారు. 2001లో కన్నుమూశారు. బిరుదులు, పతకాలు ఆహ్వానపత్రంలో అచ్చయ్యాయి కాబట్టి చదవను.

నేను చెప్పదలచుకున్నది కాంగ్రా లోయ సంగతి. ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న ఆ లోయలో గొంతు ముందు కాయలా వాచే గాయిటర్ ఇంటింటా ఉండేది. 1956లో ఆయన, ఆయన సహచరులు ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు అందేలా చూశారు. మూడో భాగానికి మామూలు ఉప్పే. కొన్నేళ్లాగి అవే ఊళ్లకు మళ్లీ వెళ్లి పిల్లల మెడలు తడిమి లెక్క రాసుకున్నారు. అయోడిన్ ఉప్పు తిన్న చోట వాపులు బాగా తగ్గాయి, తినని చోట అలాగే ఉన్నాయి. అయోడిన్ గుణం అప్పటికే ప్రపంచానికి తెలుసు. కొత్త సంగతి ఏమిటంటే, మందు పంచినవాళ్లే తిరిగి వెళ్లి, అది పనిచేసిందా లేదా అని పోల్చి చూశారు. మన ప్రభుత్వ కార్యక్రమాల్లో పంపిణీ లెక్కలు దొరికినంత సులువుగా ఈ రెండో ప్రయాణం లెక్కలు దొరకవు.

ఇదే కథకు ఇంకో సగం ఉంది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దేశంలో అందరూ తినే ఉప్పంతా అయోడిన్ ఉప్పే కావాలన్న నిర్ణయానికి మాత్రం 1980లు రావలసి వచ్చింది. తెలుసుకోవడానికి ఆరేడేళ్లు పట్టింది, అమలు చేయాలనుకోవడానికి ఇరవై ఏళ్ల పైన పట్టింది. తెలిసినవాళ్లు ఆరోగ్య శాఖలో ఉన్నారు, ఉప్పు పరిశ్రమల శాఖ చేతిలో ఉంది.

ఈ రోజు నా విషయం జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, ఎన్‌సీడీసీ. దాని నిర్మాణం ఎలా ఉంది, అది ఎంత పనిచేస్తోంది? ఇలాంటి సంస్థను సమీక్షించమని ఎవరినైనా నియమిస్తే ముందుగా సంస్థ పటం అడుగుతారు. ఎన్ని విభాగాలు, ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు, ఎవరు ఎవరి కింద. అవీ కావలసినవే. నా వాదన మాత్రం ఇది: ఊళ్లో జబ్బు కబురు పైకి ఎలా వెళ్తోందో, పైనుంచి జవాబు ఆ ఊరికి ఎలా తిరిగొస్తోందో చూడకుండా చేసే సమీక్ష ఏదైనా సగం సమీక్షే. మొదటి దారి మీద మనం చాలా ఖర్చు పెట్టాం. రెండో దారి ఇంకా వేయలేదు.

1. బోర్డు మీద పేర్లు

ఈ సంస్థ 1909లో కసౌలీలో కేంద్ర మలేరియా బ్యూరోగా మొదలైంది. 1927లో మలేరియా సర్వే ఆఫ్ ఇండియా అయింది, 1938లో మలేరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా. 1963లో పని విస్తరించి జాతీయ అంటువ్యాధుల సంస్థ, ఎన్‌ఐసీడీ. 2009లో ఇప్పటి పేరు. అమెరికా సీడీసీ కూడా 1946లో అట్లాంటాలో మలేరియా పనిలోంచే పుట్టింది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడటం మనకు అలవాటైంది. సిబ్బందిలో, డబ్బులో, స్వేచ్ఛలో ఆ రెండింటికీ పొంతన లేదు.

ప్రయోగశాల నడపడం, శిక్షణ ఇవ్వడం, ఎక్కడైనా జబ్బు ప్రబలితే వెళ్లి ఆరా తీయడం దీని పనులు. ఢిల్లీ బయట ఎనిమిది పాత శాఖలున్నాయి. వాటిలో ఒకటి మన రాజమండ్రిలో ఉంది, బోదకాలు పని మీద శిక్షణ ఇచ్చే శాఖ. ఈ హాల్లో ఉన్న డాక్టర్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో చేతులెత్తమని అడగను. బెంగళూరు శాఖ ప్లేగు మీద కన్నేసి ఉంచుతుంది. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులు కలిసే చోట ఎలుకల్ని పట్టి పరీక్షించడం దాని పనుల్లో ఒకటి.

ఇక అధికారం సంగతి. ఎన్‌సీడీసీ డైరెక్టరు ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ కింద పనిచేస్తారు. ఆయన మీద మంత్రిత్వ శాఖ కార్యదర్శి. ఐసీఎంఆర్ అధిపతికి 2007లో ఏర్పడిన ఆరోగ్య పరిశోధన శాఖ కార్యదర్శి హోదా ఉంది, మంత్రితో నేరుగా మాట్లాడగలరు. దోమల వల్ల వచ్చే జబ్బులకు వేరే కేంద్రం, క్షయకు వేరే విభాగం, ఎయిడ్స్‌కు వేరే సంస్థ. కోవిడ్ కాలంలో పరీక్షల లెక్క ఐసీఎంఆర్ పోర్టల్‌లోనూ, కేసుల ఆరా ఎన్‌సీడీసీ నడిపే నిఘా వ్యవస్థలోనూ, రాష్ట్రాల లెక్కలు రాష్ట్రాల దగ్గరా ఉండిపోయాయి. ఆ రోజుల్లో రాత్రి పది గంటలకు మూడు చోట్ల ఒకే పేరు టైపు చేసిన డేటా ఎంట్రీ ఆపరేటర్లకు ఈ నిర్మాణం సంగతి నాకంటే బాగా తెలుసు.

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలో ఆరో అంశం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటువ్యాధి పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో ఇరవై తొమ్మిదోది. కాబట్టి ఢిల్లీ బృందం మన జిల్లాకు వచ్చినప్పుడు పెళ్లికి వచ్చిన పెద్ద చుట్టంలా ఉంటుంది. గౌరవం ఇస్తాం, మాట వింటాం, పెత్తనం మాత్రం ఇవ్వం. నమూనాలు తీసుకుంటుంది, సలహా చెబుతుంది, వెళ్తుంది. తాగునీటి పైపు మార్చమని అది ఎవరికీ ఉత్తరువు ఇవ్వలేదు.

2. సూరత్

1994 సెప్టెంబరులో సూరత్‌లో న్యుమోనియాలాంటి జబ్బుతో మనుషులు గంటల్లో చనిపోవడం మొదలైంది. అంతకు ముందు నెలలో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో గజ్జల్లో బిళ్లలు కట్టే ప్లేగు కనిపించింది. సూరత్ నుంచి లక్షల మంది రైళ్లెక్కి వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లలో ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. టెట్రాసైక్లిన్ మందుల షాపుల్లో అయిపోయింది. విదేశాలు విమానాలు ఆపేశాయి, సరుకులు తీసుకోమన్నాయి. చనిపోయినవాళ్లు యాభై మందికి కాస్త అటూ ఇటూ. ఆ భయానికి దేశం చెల్లించిన మూల్యం దానికి ఎన్నో రెట్లు.

మన దేశంలో అంతకు ముందు మనిషికి ప్లేగు సోకినట్టు తేలింది 1966లో. దాదాపు ముప్పై ఏళ్లు కేసు లేకపోతే ఏ ఆర్థిక శాఖైనా అడిగే ప్రశ్న ఒకటే: ఎలుకల్ని పట్టేవాళ్లకు జీతాలెందుకు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నిఘా బృందాలు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. రాకుండా ఆపిన జబ్బుకు లెక్క ఉండదు. ఇలాంటి సంస్థలు పనిచేసేకొద్దీ అనవసరంగా కనిపించడం వాటికి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది.

అసలు అది ప్లేగేనా అన్న వాదం నెలల తరబడి సాగింది. దాన్ని తేల్చమని ప్రభుత్వం అడిగింది రామలింగస్వామి గారినే. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్లు. ఆయన అధ్యక్షతన పనిచేసిన సంఘం ప్లేగేనని తేల్చింది, జబ్బుల మీద దేశవ్యాప్త నిఘా ఎంత బలహీనంగా ఉందో కూడా చెప్పింది. ఆ తర్వాత 1997లో కొన్ని జిల్లాల్లో నిఘా కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది. 2004లో ప్రపంచ బ్యాంకు సాయంతో సమగ్ర వ్యాధి నిఘా ప్రాజెక్టు, ఐడీఎస్‌పీ వచ్చింది. మనం కబురు పైకి పంపే దారి అంటున్నది ఇదే.

సూరత్‌ను బాగు చేసింది ఎవరు? 1995లో మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు. చెత్త ఎత్తించారు, ఇంజనీర్లను, అధికారులను పొద్దున్నే వీధుల్లోకి దించారు, ఆక్రమణలు తీయించారు. దేశంలోని మురికి నగరాల్లో ఒకటిగా పేరుపడిన ఊరు ఏడాదిన్నరలో శుభ్రమైన నగరాల వరసలోకి వచ్చింది. జబ్బు పేరు తేల్చింది ఒకరు, ఊరిని కడిగింది ఇంకొకరు. వాళ్లిద్దరినీ కలిపే ఏర్పాటు 1994లో లేదు. 2004లో వచ్చిన ప్రాజెక్టులోనూ ఆ ఏర్పాటుకు పెద్దగా చోటు దొరకలేదు.

3. నిల్

విద్యార్థులు ఇది కాస్త శ్రద్ధగా వినాలి, రేపు మీరు చేయబోయే పని ఇది. ఐడీఎస్‌పీలో మూడు ఫారాలు. ఏఎన్‌ఎం లక్షణాల్ని బట్టి నింపేది ఎస్ ఫారం. పీహెచ్‌సీ డాక్టరు అనుమానించిన జబ్బు రాసేది పి ఫారం. ల్యాబ్ నిర్ధారించింది రాసేది ఎల్ ఫారం. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం. ఇప్పుడు అవే వివరాలు కాగితం వదిలి ట్యాబ్‌లోకి వెళ్లాయి. 2018 చివర్లో ఏడు రాష్ట్రాల్లో కొత్త వేదికను ప్రయోగించి చూసినప్పుడు వాటిలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. 2021లో దేశమంతా వచ్చింది. వారానికోసారి వెళ్లే కబురు ఇప్పుడు ఏ రోజుకారోజు వెళ్తుంది. మంచిదే.

నేను జిల్లాలో ఉండగా వారం వారం వచ్చిన ఫారాల్లో ఎక్కువగా కనిపించిన మాట ‘నిల్’. కామెర్లు నిల్, నీళ్ల విరేచనాలు నిల్. కొన్ని ఊళ్లలో అది నిజమే. కొన్ని ఊళ్లలో ఆ వారం ఏఎన్‌ఎం ఎన్నికల డ్యూటీలోనో, సర్వేలోనో ఉంది. ఇంకొన్ని ఊళ్లలో జబ్బుంది, రాస్తే ఏమవుతుందో ఆమెకు అనుభవం. ఆదివారం పూట ఫోన్లు, మెమో, ‘ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు’ అన్న మాట. ‘నిల్’ అని రాస్తే ఇవేవీ ఉండవు. ఈ మూడు రకాల నిల్‌లూ కంప్యూటరులో ఒకే సున్నాగా పడతాయి.

ఇంకో సంగతి. మన పల్లెల్లో జ్వరం మొదట చూసేది పీహెచ్‌సీ కాదు, ఆర్‌ఎంపీ. ఆ తర్వాత పట్నంలో ప్రైవేటు నర్సింగ్ హోం. ఆర్‌ఎంపీ ఉనికిని చట్టం ఒప్పుకోదు కాబట్టి ఏ ఫారంలోనూ అతనికి గడి లేదు. నర్సింగ్ హోంకు గడి ఉంది, నింపే అలవాటు తక్కువ. మా జిల్లాలో విషజ్వరాల కబుర్లు చాలాసార్లు పేపరు వాళ్ల ద్వారానే ముందు తెలిసేవి. కేంద్రం కూడా 2008లో పత్రికలు, టీవీలు గాలించే ఒక విభాగం పెట్టుకుంది. అది తెలివైన పని. తన సొంత దారి అన్ని కబుర్లూ మోయలేకపోతోందని సంస్థ తనకు తానే ఒప్పుకోవడం కూడా.

ఏఎన్‌ఎం నిజం రాయాలంటే ఏం కావాలి? శిక్షణ అంటారు, ట్యాబ్ అంటారు. నా అనుభవంలో కావలసింది జవాబు. ఆమె పంపిన రక్తం నమూనాలో ఏం తేలిందో ఆమెకు చెప్పాలి. మలేరియా కార్యక్రమం ఈ పాఠం చాలా ముందే నేర్పింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1960ల నడిమికి అది లక్షకు దిగింది. 1976 నాటికి మళ్లీ అరవై నాలుగు లక్షలు. దోమ మందుకు లొంగకపోవడం, పరాన్నజీవి మాత్రకు లొంగకపోవడం, నిధుల కొరత అన్నీ కారణాలే. వాటితోపాటు ఇదీ ఒకటి: జ్వరం మనిషి వేలి నుంచి తీసిన రక్తపు స్లైడు ఫలితం రావడానికి వారాలు పట్టేది. అప్పటికి ఆ మనిషి కూలికి వెళ్లిపోయేవాడు, దోమ అతన్ని కుట్టడమూ అయిపోయేది.

4. నారి కురుపు

ఇంతవరకూ విమర్శే చెప్పాను. ఈ సంస్థ సాధించిన పెద్ద విజయం మనవాళ్లకు ఎక్కువ తెలియదు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

నారి కురుపు చూసినవాళ్లు ఈ హాల్లో అరవై దాటినవాళ్లే అయి ఉంటారు. రాయలసీమ దిగుడుబావుల్లో కాళ్లు పెట్టి నీళ్లు తోడుకున్న తరం అది. కంటికి ఆనని నీటి పురుగులు నీళ్లతో పాటు కడుపులోకి వెళ్తాయి, వాటి లోపల నారి పురుగు పిల్లలుంటాయి. ఏడాది తర్వాత కాలి మీద బొబ్బ లేచి, అందులోంచి మూరెడు పైన పొడవున్న తెల్లటి పురుగు బయటికొస్తుంది. పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్త లాగాలి. తెగితే ఇంకా ప్రమాదం. మంట తాళలేక ఆ మనిషి మళ్లీ అదే బావిలో కాలు పెడితే పురుగు తన పిల్లల్ని నీళ్లలో వదులుతుంది. దీనికి టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు.

1980ల మొదట్లో దీన్ని నిర్మూలించే కార్యక్రమానికి ఎన్‌ఐసీడీని కేంద్ర సంస్థగా పెట్టారు. 1984లో దేశంలో దాదాపు నలభై వేల కేసులు. ఆంధ్రప్రదేశ్‌తో పాటు రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు. 1996 జులైలో రాజస్థాన్ జోధ్‌పూర్ జిల్లాలో వచ్చిందే ఆఖరి కేసు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి విముక్తి పత్రం ఇచ్చింది. మందు లేని జబ్బును పన్నెండేళ్లలో లేకుండా చేశారు.

ఎలా? సంస్థ నిర్మాణం అప్పుడూ ఇదే. డైరెక్టరుకు అధికారం అప్పుడూ లేదు. తేడా ఎక్కడుందంటే, ఊళ్ల జాబితా పేర్లతో సహా ఉంది. ఇల్లిల్లూ తిరిగి వెతికే సర్వే ఏటా జరిగింది. వెతికినవాళ్లే మరుసటి సర్వేకు అదే ఊరు వచ్చారు, కాబట్టి కిందటిసారి చెప్పిన బావి మూశారో లేదో వాళ్ల కళ్లకు కనిపించేది. అన్నిటికంటే ముఖ్యం, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్లు ఈ కార్యక్రమంలో మొదటి నుంచీ భాగస్వాములు. జబ్బున్న ఊరి పేరు ఆరోగ్య శాఖ ఇస్తే బోరింగ్ ముందు ఆ ఊళ్లో పడాలి, దిగుడుబావికి మెట్లు మూసి గిలక పెట్టాలి. వడపోత గుడ్డ పంచడం, నీళ్లలో మందు కలపడం అందాకా చేసే పనులు. కబురు తెచ్చిన మనిషికి జవాబు బోరింగ్ రూపంలో కనిపించింది. రెండోసారి కబురు చెప్పమని ఎవరూ బతిమాలాల్సిన అవసరం రాలేదు.

దీన్ని బట్టి సంస్థకు అధికారం అక్కర్లేదని అనుకోకండి. నారి కురుపు ఒక్క జబ్బు, కారణం ముందే తెలుసు, చేయవలసింది ఒకటే పని. ఇప్పుడు మన ముందున్నవి అలాంటివి కావు.

5. కరీంనగర్, ఏలూరు

2003 జూన్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, పిల్లలకు జ్వరం, మూర్ఛ, ఒకటి రెండు రోజుల్లో మరణం. 329 మంది పిల్లలు జబ్బుపడ్డారు, 183 మంది చనిపోయారు. మెదడువాపు అనగానే మన పంచాయతీలకు గుర్తొచ్చేవి దోమలు, పందులు. అది జపనీస్ ఎన్‌కెఫలైటిస్ జ్ఞాపకం. పుణె జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో చాందీపురా వైరస్ బయటపడింది. అది 1965లో నాగపూర్ దగ్గరి ఒక ఊళ్లో తొలిసారి గుర్తించినది. దాన్ని మోసేది దోమ కాదు, మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉండే ఇసుక ఈగ. కాబట్టి చేయవలసిన పని మురుగు కాలవ దగ్గర కాదు, గోడ దగ్గర. కారణం మీద వైద్యుల మధ్య వాదం తర్వాత కూడా సాగింది. వైద్యంలో అది మామూలే. మామూలు కానిది, ఆ వాదం ఫలితం గోడ పగుళ్లున్న ఇంటి తల్లికి చేరే దారి లేకపోవడం. 2024లో గుజరాత్‌లో అదే వైరస్ మళ్లీ పిల్లల్ని తీసుకుపోయినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు గడిచాక కూడా టీవీ చర్చల్లో దాన్ని ‘కొత్త’ వైరస్ అన్నారు.

రెండోది ఏలూరు. 2020 డిసెంబరు మొదటి వారం చివర్లో వన్‌టౌన్ వీధుల్లో మనుషులు నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే పడిపోయారు. మూర్ఛ, నోట నురగ, వాంతులు, తర్వాత కాసేపటికి తేరుకోవడం. 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు. ఒకరు చనిపోయారు. కబురు పైకి వెళ్లే దారి ఈసారి బాగా పనిచేసింది. రోజుల్లోనే మంగళగిరి ఎయిమ్స్, ఢిల్లీ ఎయిమ్స్, ఎన్‌సీడీసీ, పుణె వైరాలజీ సంస్థ, హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందాలు అందరూ ఏలూరులో ఉన్నారు. పెద్ద ప్రభుత్వాసుపత్రి ముందు అన్ని రకాల జీపులు ఒకేసారి నేను ఎన్నడూ చూడలేదు.

రక్తంలో సీసం, నికెల్ అని ఒక ప్రకటన వచ్చింది. పురుగుమందుల అవశేషాలు అని ఇంకో ప్రకటన. నెల తిరక్కుండా ప్రభుత్వం పురుగుమందులే ప్రధాన కారణమని చెప్పింది. అయితే అవి నీళ్ల దారినా, కూరగాయల దారినా, ఇంకే దారినా ఆ వీధుల్లోకే ఎందుకు వచ్చాయన్నది చర్చగానే ఉండిపోయింది. ఒక్కో సంస్థ తన పరీక్ష తాను చేసి, తన నివేదిక తన పైవారికి ఇచ్చింది. ఏ సంస్థకూ అందరి ఫలితాలూ ఒక బల్ల మీద పెట్టి, ‘ఇది తేలింది, ఇది తేలలేదు, ఇది తేల్చడానికి ఫలానా నెలలో మళ్లీ వస్తాం’ అని ఊరికి చెప్పే బాధ్యత ఎవరూ అప్పగించలేదు. ఆ బాధ్యత ఎన్‌సీడీసీది కావాలి. దాని పేరులోనే ఉంది కదా అంటారు. పేరులో ఉంది, చట్టంలో లేదు.

చట్టం గురించి రెండు మాటలు. మనం ఇప్పటికీ ఆధారపడేది 1897 నాటి అంటువ్యాధుల చట్టం మీద. బొంబాయి ప్లేగు భయంలో రాసిన నాలుగు సెక్షన్ల కాగితం. మనుషుల్ని ఆపడానికి అందులో అధికారం ఉంది, మనుషులకు సమాచారం ఇవ్వడానికి బాధ్యత లేదు. కోస్తా, రాయలసీమల వాళ్లకు మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన 1939 ప్రజారోగ్య చట్టం కూడా ఉంది, దాంట్లో ఆరోగ్యాధికారికి నీళ్ల మీద, మురుగు మీద నిజమైన అధికారాలున్నాయి. తమిళనాడు ఆ చట్టాన్ని, ప్రజారోగ్యానికి ప్రత్యేక సర్వీసును నిలుపుకుంది. మనం ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టాం.

6. సమీక్ష ఎలా చేయాలి

ఇక నా సూచన. రేపు ఎన్‌సీడీసీ మీద సమీక్షా సంఘం వేస్తే ఢిల్లీలో సంస్థ పటం ముందు కూర్చోవద్దు. పదిహేను ఇరవై పాత ఫైళ్లు తీయమనండి, ఒక్కో రాష్ట్రం నుంచి ఒకటి. అతిసారం కావచ్చు, కామెర్లు కావచ్చు, కారణం తెలియని జ్వరం కావచ్చు. ఒక్కో ఫైలులో తేదీలు మాత్రం చూడండి. మొదటి మనిషి ఎప్పుడు జబ్బుపడ్డాడు, కబురు జిల్లాకు ఎప్పుడు చేరింది, నమూనా ఎప్పుడు బయల్దేరింది, ఫలితం ఎప్పుడు తేలింది, ఆ ఫలితం పీహెచ్‌సీ డాక్టరుకు ఎప్పుడు చేరింది, పైపో బావో ఎప్పుడు బాగైంది. చివరి రెండు తేదీల దగ్గర చాలా ఫైళ్లలో ఖాళీ ఉంటుందని నేను పందెం కాస్తాను.

ఈ మధ్య ప్రపంచంలో ఏడు-ఒకటి-ఏడు అనే కొలమానం వాడుతున్నారు. ఏడు రోజుల్లో పసిగట్టాలి, ఒక రోజులో తెలియజేయాలి, ఏడు రోజుల్లో మొదటి చర్యలు పూర్తికావాలి. బాగుంది. దానికి నేను నాలుగో అంకె చేర్చమంటాను: తేలిన సంగతి జబ్బుపడ్డ వీధికి వాళ్ల భాషలో ఎన్నాళ్లలో చేరింది? నా లెక్కన తొంభై రోజులకు మించకూడదు. తేలకపోతే తేలలేదన్న కాగితమైనా రావాలి.

ఇలా అంటే రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, రాష్ట్రాల హక్కు. కేంద్ర సంస్థకు కోరలిస్తే ఢిల్లీ పెత్తనం పెరుగుతుందని. ఆ భయం సరైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే ఉత్తరువులిచ్చే అధికారం అడగడం లేదు, అచ్చువేసే అధికారం అడుగుతున్నాను. సంస్థ తాను కనుక్కున్నదాన్ని కేంద్ర మంత్రిత్వ శాఖ అనుమతి లేకుండా, రాష్ట్రం అనుమతి లేకుండా, తన పేరు మీద వెంటనే ప్రచురించగలగాలి. అమెరికా సీడీసీ వెలువరించే వారపత్రికలో 1981 జూన్ 5న లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకుల న్యుమోనియా గురించి ఒక చిన్న నివేదిక వచ్చింది. ఎయిడ్స్ గురించి ప్రపంచం మొదట విన్నది అక్కడే. ఐదు కేసులే. మన దగ్గర ఐదు కేసులు ఏ సంతకం కోసం ఏ గదిలో ఆగుతాయో ఊహించుకోండి. అయితే అదే పత్రిక మీద 2020లో అక్కడి ప్రభుత్వ పెద్దల ఒత్తిడి పడింది. కాబట్టి చట్టంలో రాసుకున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం, నిజమే. రాసుకోని చోట ఒత్తిడి పడ్డట్టు కూడా బయటికి తెలియదు.

రెండో అభ్యంతరం మనుషులు లేరని. ఇది నిజంగా నిజం. ప్రపంచ బ్యాంకు డబ్బు అయిపోయాక నిఘా పని ఆరోగ్య మిషన్ కిందికి వచ్చింది. జిల్లా ఎపిడమాలజిస్టు, మైక్రోబయాలజిస్టు, డేటా మేనేజరు చాలాచోట్ల కాంట్రాక్టు మీదే. ఏటా మార్చిలో కొనసాగింపు ఉత్తరువు కోసం ఎదురుచూసే మనిషి కలెక్టరుతో ‘సార్, మీ నీళ్ల ట్యాంకులోనే తేడా ఉంది’ అని గట్టిగా అనగలడా? 2021లో కేంద్రం 64,180 కోట్లతో ప్రకటించిన మౌలిక సదుపాయాల మిషన్‌లో ఎన్‌సీడీసీకి ఐదు ప్రాంతీయ శాఖలు, 20 మహానగర నిఘా విభాగాలు ఉన్నాయి. భవనాలు వస్తాయి. 2012 నుంచి ఆ సంస్థే నడుపుతున్న జబ్బుల ఆరా శిక్షణలో తయారైన యువ డాక్టర్లూ ఉన్నారు. వాళ్లను జిల్లాల్లో పక్కా ఉద్యోగాల్లో కూర్చోబెట్టే నిర్ణయం రాష్ట్రాలది. ఇక్కడ ఢిల్లీని తిట్టి లాభం లేదు.

1981లో రామలింగస్వామి గారి అధ్యక్షతన ఐసీఎంఆర్, సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి కలిసి ఇచ్చిన నివేదిక ఉంది. అందరికీ ఆరోగ్యం అన్న లక్ష్యానికి వేరే దారి చూపించిన నివేదిక. పైనుంచి కిందికి, పెద్దాసుపత్రి నుంచి పల్లెకు నడిచే నమూనాను అది ప్రశ్నించింది, ఊరి నుంచి మొదలుపెట్టమంది. ఆ పుస్తకం గ్రంథాలయాల్లో దొరుకుతుంది, విద్యార్థులు చదవాలి. నేను ఇప్పటిదాకా చెప్పింది దానిలోని ఒక మూలకు వేసిన మెరుగు మాత్రమే.

ఒక చిన్న పని మాత్రం ఏ చట్టమూ అక్కర్లేకుండా చేయవచ్చు. సమీక్షా సంఘాల్లో సభ్యుల జాబితా చూస్తే అందరూ మనవాళ్లే ఉంటారు, డాక్టర్లు, మాజీ డాక్టర్లు, డాక్టర్లను పాలించిన ఐఏఎస్‌లు. మున్సిపల్ ఇంజనీరు ఒక్కరు కూడా ఉండరు. ఏఎన్‌ఎం ఉండరు. వాళ్లిద్దరికీ రెండు కుర్చీలు వేసి, మొదటి సమావేశం రాజమండ్రి శాఖలో పెట్టమని అడుగుదాం. ఈ సభ తరఫున అలా ఒక ఉత్తరం రాయడానికి అధ్యక్షులవారు ఒప్పుకుంటే సంతోషిస్తాను.

ప్రశ్నలకు పది నిమిషాలు ఉన్నాయంటున్నారు. మున్సిపాలిటీ నుంచి ఎవరైనా వచ్చి ఉంటే మైకు ముందు వాళ్లకు ఇవ్వండి.